కార్మిక శాసనానికి కావలి కాసిన న్యాయవాది: వరాహగిరి వేంకటగిరి

వంశధారా తీరాన వెలసిన శ్రీముఖలింగ క్షేత్రంలో, మధుకేశ్వరాలయపు గోడలమీదను, స్తంభాలమీదను తూర్పు గాంగుల కాలపు శాసనాలు అనేకం కానవస్తాయి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న కాలంలో గిడుగు రామమూర్తి పంతులు గారు వానిని శ్రమించి చదివి, ప్రాచీన కళింగనగరం ఇదేనని లోకానికి చాటారు. ఆ శాసనాలలో పెక్కు స్వామి సన్నిధిని అఖండదీపం వెలిగించడానికి భక్తులు చేసిన దానాలను తెలిపేవే. శాసనమనే మాటకు మన భాషలో మరొక అర్థం కూడా ఉంది. రాతిపై చెక్కినదీ శాసనమే, సభలో సభ్యులు చేసినదీ శాసనమే. దీపం వెలగాలంటే రాతిమీది అక్షరాలు చాలవు. ప్రతిదినం చమురు పోసి వత్తి ఎగదోసే మనిషి ఒకడుండాలి. కార్మికుల ప్రాణరక్షణకు, ఆరోగ్యరక్షణకు చేసిన శాసనాల విషయంలో ఆ మనిషి ఎవరన్న ప్రశ్న చుట్టూ తన జీవితమంతా తిరిగిన మహనీయుడొకరు ఈ ప్రాంతానికి సన్నిహితులు. వారే వరాహగిరి వేంకటగిరి గారు.

భారత రాష్ట్రపతిగా ఆయన పేరు అందరూ ఎరుగుదురు. శ్రీముఖలింగానికి ఈశాన్యాన అనతిదూరంలో ఉన్న పాతపట్నం పేరిట ఏర్పడిన నియోజకవర్గమే 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ఆయనను లోక్‌సభకు పంపిందన్న సంగతి మాత్రం మన విద్యార్థులలో కొద్దిమందికే తెలిసి ఉంటుంది. ఆ సభ్యత్వంతోనే ఆయన స్వతంత్ర భారత ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు.

గిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. తండ్రి వరాహగిరి జోగయ్య పంతులు గారు అక్కడ పేరు మోసిన న్యాయవాది; తల్లి సుభద్రమ్మ గారు. నాటి గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. బరంపురమూ, శ్రీకాకుళమూ ఒకే జిల్లాలోని పట్టణాలు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు పోయింది, శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్టణం జిల్లాలో కలిసింది. కావున ఆయన ఏ రాష్ట్రంవాడన్న తగవు తరువాతివారు పెట్టుకొన్నదే గాని, ఆయన బాల్యంలో అటువంటి ప్రశ్నకే చోటు లేదు.

న్యాయశాస్త్ర పఠనానికై 1913లో ఆయన ఐర్లండు రాజధాని డబ్లిను నగరానికి వెళ్ళారు. నాటి భారతీయ విద్యార్థులు సామాన్యంగా లండనుకే పోయేవారు. గిరి గారు డబ్లినులోని యూనివర్సిటీ కాలేజీలోను, బారిస్టరు చదువుకు కింగ్స్ ఇన్స్ అనే న్యాయవాద సంస్థలోను చేరారు. ఆయన జీవితాన్ని ఆ ఎన్నికే మలుపు తిప్పిందనవచ్చును.

ఎందుకనగా, ఆ సంవత్సరమే ఆగస్టు నెలలో డబ్లిను ట్రాము కార్మికులు పని నిలిపివేశారు. సంఘంలో చేరబోమని సంతకం పెట్టినవారికే పని ఇస్తామని యజమానులు పట్టుబట్టారు. జిమ్ లార్కిన్, జేమ్స్ కొనలీ అనే నాయకుల వెనుక సుమారు ఇరవైవేల మంది కార్మికులు నిలిచారు. పోరాటం 1914 జనవరి దాకా సాగి, ఆకలి ముందు తల వంచింది. ఆ రోజులలోనే చర్చి వీధిలో పేదలు కిక్కిరిసి నివసించే పాత మేడలు రెండు కూలి ఏడుగురు మరణించారు. పుస్తకాలలోని న్యాయం ఒకవైపు, వీధిలోని అన్యాయం మరొకవైపు. పందొమ్మిదేళ్ళ యువకుని కంటిముందు రెండూ ఒకేసారి నిలిచాయి.

అప్పటి న్యాయశాస్త్ర స్థితిని ఇక్కడ కొంచెం వివరించడం అవసరం. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లీషు న్యాయస్థానాలు ఒక విచిత్ర సూత్రాన్ని స్థాపించాయి. ఒక కార్మికుడు తోటి కార్మికుని పొరపాటువల్ల గాయపడితే యజమాని బాధ్యుడు కాడు. పనిలో చేరినప్పుడే అటువంటి అపాయానికి కూడా అతడు ఒప్పుకొన్నట్లు లెక్క. 1837 నాటి ఒక తీర్పుతో మొదలైన ఈ సూత్రం వేలాది కుటుంబాల నోటి దగ్గర కూడు తీసివేసింది. 1897లో బ్రిటిషు పార్లమెంటు నష్టపరిహారపు చట్టం చేసి దీనికి గండి కొట్టింది. ఎవరి తప్పన్న విచారణతో నిమిత్తం లేకుండా, పని మూలంగా పనిలో ఉండగా దెబ్బ తగిలితే యజమాని చెల్లించవలసిందే అన్నది దాని సారాంశం. 1906లో ఆ చట్టం మరింత విస్తరించింది. గిరి గారు డబ్లినులో చదువుతున్ననాడు ఐర్లండులోను ఆ చట్టమే అమలులో ఉంది. భారతదేశంలో అటువంటిది ఇంకా పుట్టనేలేదు. ఇక్కడ 1881 నుండి ఫ్యాక్టరీల చట్టం ఉన్నది గాని, చెయ్యి తెగినవానికి చేతిలో పెట్టే పైకం గురించి అందులో ఏమీ లేదు.

1916లో ఈస్టరు పండుగనాళ్ళలో ఐరిషు దేశభక్తులు డబ్లినులో తిరుగుబాటు చేశారు. గిరి గారు చదివిన కాలేజీలో ఆంగ్ల సాహిత్యం బోధించిన థామస్ మక్‌డొనా, కార్మిక నాయకుడైన కొనలీ, ఇద్దరినీ మే నెలలో ప్రభుత్వం కాల్చి చంపింది. ఐరిషు ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానం గిరి గారిపై పడింది. జూలై 1వ తేదీలోగా దేశం విడిచి పొమ్మని ఆజ్ఞ అందింది. ఆ గడువుకు కొద్దిరోజుల ముందు, జూన్‌లో, ఆయనకు బారిస్టరు పట్టా లభించింది. పట్టా చేతబట్టుకొని ఓడ ఎక్కారు.

బరంపురంలో ప్రాక్టీసు మొదలుపెట్టిన నాలుగేళ్ళకే సహాయనిరాకరణోద్యమం వచ్చింది. గాంధీజీ పిలుపు నందుకొని గిరి గారు కోర్టు విడిచారు. 1922లో కల్లు, సారా దుకాణాల వద్ద పికెటింగు జరిపించినందుకు జైలుకు వెళ్ళారు. కోర్టులో నల్లకోటు తొడిగి కక్షిదారుల పక్షాన నిలవవలసిన న్యాయవాది, అటుపైన నిలిచింది రైలు కూలీల పక్షాన.

బెంగాలు నాగపూరు రైల్వే మన ఉత్తరాంధ్రుల జీవితంలో ఎంత పెనవేసుకొన్నదో చెప్పనక్కరలేదు. వాల్తేరు నుండి శ్రీకాకుళం రోడ్డు, నౌపడ, పలాస, బరంపురం మీదుగా హౌరా పోయే మార్గం ఆ కంపెనీదే. ఖరగపూరులోని ఆ రైల్వే వర్క్‌షాపులలో పనికై మన జిల్లాలనుండి వేలాది కుటుంబాలు తరలిపోయాయి. నేటికీ ఆ పట్టణంలో తెలుగు మాట వినిపించడానికి కారణం అదే. ఆ కార్మికుల పని ఎటువంటిదో ఊహించండి. షంటింగు జరుగుతుండగా రెండు పెట్టెల నడుమ దూరి కొక్కెం తగిలించేవాడు, రాత్రివేళ పట్టాలమీద నడిచే గ్యాంగుమనిషి, బాయిలరు దగ్గర నిప్పులు ఎగదోసేవాడు—వీరందరికీ ఒక్క క్షణపు ఏమరుపాటు కాలో చెయ్యో తీసివేస్తుంది. ఆ ఏమరుపాటుకు తరచు మూలకారణం నిద్రలేని దీర్ఘమైన డ్యూటీ.

1923లో భారతదేశంలోను కార్మిక నష్టపరిహారపు చట్టం వచ్చి 1924 జూలై 1 నుండి అమలయింది. ఆ చట్టం ప్రకారం వయోజనుడైన కార్మికుడు మరణిస్తే ముప్పది నెలల జీతంగాని, 2,500 రూపాయలుగాని, ఏది తక్కువైతే అది కుటుంబానికి ఇవ్వాలి. శాశ్వతంగా ఏ పనికీ పనికిరానివాడైతే నలుబది రెండు నెలల జీతంగాని, 3,500 రూపాయలుగాని, ఏది తక్కువైతే అది. గాయపడిన తరువాత మొదటి పదిరోజులకు ఏమీ లేదు. వృత్తివ్యాధులుగా గుర్తించినవి మొదట మూడే: ఆంత్రాక్సు, సీసపు విషం, భాస్వరపు విషం. రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడేవాని మాట అందులో లేదు. అయినా అది గొప్ప ముందడుగే. అయితే చదువురాని గ్యాంగుమనిషి భార్యకు, భర్త పోయిన మరునాడు, ఇటువంటి చట్టమొకటి ఉన్నదని చెప్పేదెవరు? అర్జీ వ్రాసేదెవరు? అతడు ఆజ్ఞ మీరాడనో, మత్తులో ఉన్నాడనో యాజమాన్యం వాదిస్తే ఎదురు చెప్పేదెవరు?

సంఘమే అన్నది గిరి గారి సమాధానం. బి.యన్. రైల్వే కార్మికులను సంఘటితం చేయడంలోను, అఖిలభారత రైల్వేమెన్స్ ఫెడరేషనును నెలకొల్పడంలోను ఆయన ముఖ్యులు. పదేళ్ళకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. సంఘాలకు చట్టబద్ధమైన ప్రతిపత్తినిచ్చిన ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చిందీ ఆ సంవత్సరమే. 1927లో ఖరగపూరులో జరిగిన సమ్మెకు, లాకౌటుకు ఆయన నాయకత్వం వహించారు. ఉద్యోగాల తగ్గింపు ఆ వివాదానికి మూలం. నాడు ఖరగపూరులో తెలుగు, ఒరియా, బెంగాలీ, హిందుస్తానీ మాట్లాడే కార్మికులు ఒకే గేటు ముందు నిలిచారు. మన కళాశాలవంటి రెండు భాషల విద్యాలయంలో చదివేవారికి ఆ దృశ్యం ప్రత్యేకంగా ప్రియం కావాలి.

ఆ సంవత్సరమే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1919లో ఆ సంస్థ చేసిన మొట్టమొదటి ఒడంబడిక పనిగంటల గురించినదే. లోకానికంతటికీ వారానికి 48 గంటలని నిర్ణయించి, భారతదేశానికి మాత్రం 60 గంటలని మినహాయింపు ఇచ్చారు. 1922 ఫ్యాక్టరీల చట్టం ఆ 60 గంటలనే పెట్టింది, 1934 చట్టం 54కు తగ్గించింది, 48 గంటలు మనకు దక్కడానికి 1946 దాకా ఆగవలసివచ్చింది. రైల్వే ఉద్యోగుల పనిగంటలకు విశ్రాంతికి హద్దు పెట్టే సవరణ 1930లో వచ్చింది. అలసట అపాయానికి తల్లి వంటిది గనుక, పనిగంటల చట్టాన్ని నేను రక్షణ చట్టంగానే లెక్కిస్తాను.

1931లో లండను రెండవ రౌండు టేబులు సమావేశంలోను ఆయన కార్మికుల పక్షాన కూర్చున్నారు. ఉద్యమంలోని చీలికల కథ పొడవైనది, వివరించను. 1929లో చీలిపోయిన కార్మికోద్యమాన్ని 1938లో తిరిగి దగ్గరకు చేర్చినవారిలో ఆయన ఒకరని చెప్తే చాలును.

1937 ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గంలో, అంతకు ముందు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజావారినే ఆయన ఓడించారు. జమీందారీ ప్రాంతంలో, రాజు కోట నీడలో ఒక కార్మిక నాయకుడు గెలవడం దేశమంతటా సంచలనం కలిగించింది. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రిగా 1939 దాకా, తిరిగి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో 1946-47లోను పనిచేశారు. నడుమ క్విట్ ఇండియా కాలంలో కారాగారవాసం. స్వాతంత్ర్యానంతరం 1951 దాకా సింహళంలో భారత హైకమిషనరు.

1952 మే నెలలో కేంద్ర కార్మిక మంత్రి అయ్యేనాటికి చట్టాల కట్ట చాలావరకు సిద్ధంగా ఉన్నది. యంత్రాలకు కంచె, గాలి, వెలుతురు, మంచినీరు మొదలైనవి నిర్దేశించే ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. గనుల చట్టం, ప్రావిడెంటు ఫండు చట్టం 1952 మార్చిలో వచ్చాయి. ఉద్యోగుల రాజ్య బీమా పథకం ఆ ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. ఆయన కాలంలో లే-ఆఫ్, రిట్రెంచిమెంటులకు పరిహారం విధించే సవరణ 1953లో జరిగింది. ఇవన్నీ బాగానే ఉన్నవి. ఆయన మనస్సు మాత్రం వేరొక దానిపై ఉన్నది.

వివాదం వచ్చినప్పుడల్లా ప్రభుత్వం దానిని ట్రిబ్యునలుకు పంపి, ఆ తీర్పును ఉభయపక్షాల నెత్తిన పెట్టే పద్ధతి యుద్ధకాలం నుండి వస్తున్నది. దానివల్ల సంఘాలు స్వశక్తిని కోల్పోయి, వకీళ్ళచుట్టూ తిరిగే సోమరులవుతాయని గిరి గారి భయం. యజమానీ, సంఘమూ ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకోవాలనీ, నిర్బంధ తీర్పు చివరి శరణ్యంగా మాత్రమే ఉండాలనీ వాదించారు. దీనికే గిరి విధానమని పేరు వచ్చింది. 1952 అక్టోబరులో నైనిటాలులో జరిగిన భారత కార్మిక సమావేశంలో ఈ విషయం చర్చకు వచ్చింది. అక్కడ వింత ఏమంటే, ఏ సంఘాల బలానికై ఆయన పాటుపడ్డారో ఆ సంఘాలలోనే పలువురు వెనుకాడారు. బలహీనులమైన మాకు ట్రిబ్యునలే దిక్కు అన్నది వారి భావం. గిరి విధానం చట్టరూపం దాల్చలేదు.

ఇక్కడ నా అభిప్రాయం కూడా చెప్పక తప్పదు. జీతం విషయంలో గిరి గారి వాదం నాకు సమ్మతమే. కాని ప్రాణరక్షణను బేరానికి పెట్టరాదు. పలాస జీడిపప్పు బట్టీలలో పిక్కల నూనె తగిలి వ్రేళ్ళు కాలే స్త్రీ, టెక్కలి ప్రాంతపు రాతి క్వారీలలో దుమ్ము పీల్చే కూలి—వీరికి బలమైన సంఘం ఏర్పడేదాకా రక్షణ ఆగదు. వారికి ఇన్‌స్పెక్టరు రావాలి, యజమానికి శిక్ష పడాలి. అయితే ఏడాదికొకసారి వచ్చే ఇన్‌స్పెక్టరు చూడనిది ప్రతిదినమూ చూసేది కార్మికుడే గనుక, అతనికి నోరు విప్పే ధైర్యం లేకుంటే చట్టం గోడకు వేలాడే కాగితమే అవుతుందన్న ఆయన మాటను కూడా కాదనలేము.

తన సిద్ధాంతం ఓడినప్పుడు పదవి విడువని గిరి గారు, మాట తప్పవలసి వచ్చినప్పుడు విడిచారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును 1954 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. నిర్బంధ తీర్పులు వద్దన్న మంత్రి, తీరా తీర్పు వచ్చిన తరువాత దానిని ప్రభుత్వమే మార్చడం ఎట్లా సహిస్తాడు? వెంటనే రాజీనామా ఇచ్చారు. తరువాత ఆ విషయంపై విచారణ సంఘం ఏర్పడింది. మొదట నియమితులైన న్యాయమూర్తి మరణించగా న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ ఆ పని పూర్తిచేశారు. ఉద్యోగులకు చాలావరకు న్యాయం జరిగే సూచనలే వచ్చాయి, 1955లో వానిని చట్టంగా ఆమోదించారు. గిరి గారు మాత్రం తిరిగి కార్మిక మంత్రి కాలేదు.

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో స్వల్పపు తేడాతో ఓడిపోయారు. అక్కడి రెండు స్థానాలలో ఒకటి షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించినది. కాని రెండింటినీ ఆ తెగలకు చెందిన అభ్యర్థులే గెలుచుకొన్నారు. సామాన్య స్థానాన్ని గెలిచిన డిప్పల సూరిదొర గారి ఎన్నిక చెల్లదని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1959లో కోర్టు అధికసంఖ్యాక తీర్పుతో ఆ వాదాన్ని తోసిపుచ్చింది. బలహీనుల పక్షాన జీవితమంతా నిలిచిన నాయకుడు ఒక గిరిజన ప్రతినిధిపై ఇటువంటి వాదం తెచ్చి ఉండవలసినది కాదని నాకు తోస్తుంది. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది.

అటుపై ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను, 1969 ఆగస్టులో రాష్ట్రపతిగాను ఎన్నో మెట్లు ఎక్కారు. తన ఎన్నికపై వచ్చిన దావాలో రాష్ట్రపతిగా ఉంటూనే సుప్రీంకోర్టు ముందు సాక్ష్యం చెప్పడం న్యాయశాస్త్ర విద్యార్థులు గుర్తుంచుకోదగిన ఘట్టం. 1974లో పదవీ విరమణ చేశారు, మరుసటి సంవత్సరం భారతరత్న బిరుదం పొందారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1984 డిసెంబరులో, భోపాలులో విషవాయువు వేలాది ప్రాణాలు బలిగొన్నది. దాని ఫలితంగా 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమలలో కార్మికులూ యాజమాన్యమూ సమసంఖ్యలో ఉండే రక్షణ సంఘాన్ని తప్పనిసరి చేశారు. అపాయం ముంచుకొస్తున్నదని తోచినప్పుడు యజమానికి తెలియజెప్పే హక్కును కార్మికునికి ఇచ్చారు. ఇన్‌స్పెక్టరూ కావాలి, కార్మికుని నోరూ కావాలి అని చట్టమే ఒప్పుకొన్నట్లయింది. అయినను 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణంలో ఎల్.జి. పాలిమర్సు నుండి స్టైరీను ఆవిరి వెలువడి పన్నెండుగురు మరణించారు. ఆ సంవత్సరమే పార్లమెంటు పదమూడు చట్టాలను కలిపి వృత్తిపరమైన రక్షణ, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిని ఆమోదించింది. 2025 నవంబరు 21 నుండి అది అమలులోకి వచ్చింది. 1948 చట్టంలో విద్యుచ్ఛక్తితో నడిచేచోట పదిమంది, అది లేనిచోట ఇరవైమంది ఉంటే ఫ్యాక్టరీ అనేవారు. కొత్త స్మృతిలో ఆ సంఖ్యలు ఇరవై, నలభై అయినాయి.